స్పోర్ట్ బైకుల్లో వీలీ కంట్రోల్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద స్పోర్ట్ బైక్ కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు, మొదటిసారి ట్రాక్ డేకి (సొంత బైక్‌ని రేసు ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిచ్చాం. లెక్కల్లో వాడిన అంకెలు ఉదాహరణ కోసం. సెట్టింగుల విషయంలో మీ బైక్ మాన్యువల్ ఏం చెబితే అదే చెల్లుతుంది.

వీలీ కంట్రోల్ కచ్చితంగా ఏం చేస్తుంది?

ముందు చక్రం నేల విడుస్తోందని (దీన్నే వీలీ అంటారు) కనిపెట్టి, అది చెయ్యి దాటిపోకముందే ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, తగ్గిస్తుంది. అంతవరకే. బ్రేకు వేయదు, క్లచ్ పట్టదు, హ్యాండిల్ జోలికి పోదు. లోపలికి వచ్చేది సెన్సర్ల సమాచారం, బయటికి పోయేది ఇంజిన్‌కి ఇచ్చే ఆజ్ఞ. ఈ సిస్టమ్‌తో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి కారణం ఈ రెండు చోట్లే దొరుకుతుంది. సెన్సర్ తప్పు చెప్పి ఉండాలి, లేదా ఇంజిన్‌ని తగ్గించినా ఆపలేని పరిస్థితి వచ్చి ఉండాలి.

అసలు ముందు చక్రం ఎందుకు లేస్తుంది?

వెనక టైరు నేలను వెనక్కి నెడుతుంది, బైక్ ముందుకు ఉరుకుతుంది. ఆ తోపుడు నేల మట్టంలో పుడుతుంది. బైక్, రైడర్ కలిసిన బరువు కేంద్రం మాత్రం దాదాపు అరవై డెబ్బై సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ తేడా వల్ల బైక్ వెనక చక్రం చుట్టూ పైకి తిరగాలని చూస్తుంది. ఎద్దులబండిలో బస్తాలన్నీ వెనక్కి సర్దితే కాడి గాల్లోకి లేచినట్టు, వేగం పెంచేకొద్దీ బరువంతా వెనక చక్రం మీదికి వాలి, ముందు చక్రం మీద ఏమీ మిగలదు.

ఎంత త్వరణం దగ్గర లేస్తుందో లెక్క తేలికే. వెనక టైరు నేలను తాకే చోటు నుంచి బరువు కేంద్రం ఎంత ముందుందో కొలిచి, దాన్ని కేంద్రం ఎత్తుతో భాగించాలి. 1,400 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) ఉన్న బైక్‌లో కేంద్రం సరిగ్గా మధ్యలో, 650 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 700ను 650తో భాగిస్తే సుమారు 1.08 వస్తుంది. అంటే గురుత్వాకర్షణకు 1.08 రెట్ల త్వరణం దాటితే ముందు చక్రం గాల్లోనే. బైక్, రైడర్ కలిపి 280 కిలోలైతే దానికి కావలసిన తోపుడు దాదాపు 2,950 న్యూటన్లు.

ఇప్పుడు ఇంజిన్ వైపు చూద్దాం. లీటర్ బైక్ (1,000 సీసీ) ఇంజిన్ టార్క్ 110 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మొదటి గేర్లో ప్రైమరీ, గేరు, చైన్ అన్నీ కలిపితే సుమారు 11.5 రెట్లు. టైరు వ్యాసార్ధం 0.32 మీటర్లు. నేల మీద పడే తోపుడు 3,950 న్యూటన్ల దగ్గరికొస్తుంది. కావలసినదానికంటే వెయ్యి ఎక్కువ. రెండో గేర్లో అది సుమారు 3,150కి దిగుతుంది. గాలి నిరోధం, చైన్ నష్టం తీసేస్తే సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. మూడో గేర్లో చదును రోడ్డు మీద ఉట్టి ఇంజిన్ బలంతో లేవడం కష్టం. కానీ గతుకో ఎత్తో తోడైతే అక్కడా లేస్తుంది.

ప్రమాదమంతా దీని తర్వాతే ఉంది. ముందు చక్రం పైకి లేచేకొద్దీ బరువు కేంద్రం వెనక్కి, పైకి జరుగుతుంది. అంటే మరింత లేపడానికి కావలసిన టార్క్ తగ్గుతూ పోతుంది. థ్రాటిల్ అలాగే పట్టుకుంటే లేచే వేగం తనంతట తనే పెరుగుతుంది. రైడర్ గుర్తించి చెయ్యి వదిలేలోపు ఆలస్యమైపోయేది ఇందుకే. మంచి వీలీ కంట్రోల్ కూడా చక్రం ఎంత ఎత్తులో ఉందన్నదానికంటే ఎంత వేగంగా లేస్తోందన్నదే ఎక్కువగా పట్టించుకుంటుంది.

150 సీసీ బైకులకు ఇది ఎందుకు ఉండదు?

అవసరం లేదు గనక. యమహా ఆర్15 టార్క్ 14.2 న్యూటన్ మీటర్లు. మొదటి గేర్లో మొత్తం సుమారు 30 రెట్లు చేసినా వెనక టైరు దగ్గర తోపుడు 1,350 న్యూటన్ల చుట్టుపక్కలే. 70 కిలోల మనిషి కూర్చుంటే బండి లేవడానికి 2,000కి పైనే కావాలి. అలాంటి బైక్ మీద ఎవరైనా వీలీ కొడుతున్నారంటే క్లచ్ ఒక్కసారిగా వదిలి, హ్యాండిల్ లాగి లేపుతున్నారని అర్థం. ఆ బైక్‌లో ఉన్న ట్రాక్షన్ కంట్రోల్ తడి రోడ్డు మీద, ఇసుక మీద వెనక చక్రం జారకుండా ఉండటానికి. దాన్ని వీలీ కంట్రోల్ అనుకోవద్దు.

మధ్య తరగతి బైకుల్లోకి ఇప్పుడిప్పుడే వస్తోంది. 2023లో వచ్చిన టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310కి డైనమిక్ ప్రో కిట్ తీసుకుంటే ఆరు అక్షాల సెన్సర్‌తో పాటు ముందు చక్రం లేవకుండా చూసే ఏర్పాటు కూడా వస్తుంది. కిట్ లేకుండా కొన్న బండిలో అది ఉండదు. షోరూంలో బుక్ చేసేటప్పుడే ఏ వేరియంటో అడిగి రాయించుకోండి.

ముందు చక్రం లేచిందని బైక్‌కి ఎలా తెలుస్తుంది?

ప్రధానంగా రెండు దారులు. మొదటిది ఐఎంయూ, అంటే సీటు కిందో ట్యాంకు కిందో ఫ్రేముకు బిగించిన చిన్న పెట్టె. అందులో మూడు దిశల త్వరణాన్ని కొలిచే సెన్సర్లు, మూడు దిశల్లో తిరిగే వేగాన్ని కొలిచే గైరోలు ఉంటాయి. బైక్ ముక్కు పైకి ఎంత వేగంగా తిరుగుతోందో గైరో చెబుతుంది. దాన్నే పిచ్ రేట్ అంటారు. ఉత్పత్తి బైకుల్లో ఆరు అక్షాల ఐఎంయూతో మొదట వచ్చింది 2015 యమహా వైజెడ్‌ఎఫ్ ఆర్1.

రెండోది చక్రాల దగ్గరున్న ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం లాక్ కాకుండా చూసే సిస్టమ్) సెన్సర్లు. చక్రంతో తిరిగే చిల్లుల రింగును ఇవి చదువుతాయి. గాల్లోకి లేచిన ముందు చక్రాన్ని తిప్పేది ఏదీ ఉండదు కాబట్టి అది వేగం పెరగడం ఆగిపోయి, మెల్లగా తగ్గుతుంది. వెనక చక్రం మాత్రం వేగం పెంచుకుంటూనే పోతుంది. కొన్ని సెమీ యాక్టివ్ సస్పెన్షన్ బైకుల్లో ఫోర్క్ ఎంత సాగిందో చెప్పే సెన్సర్ కూడా ఉంటుంది. వీటితో పాటు గేరు, ఆర్‌పీఎం, థ్రాటిల్ ఎంత తెరిచారన్నది ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, ముందే తెలుసు. అందుకే కొత్త తరం సిస్టములు చక్రం లేచాక కదలడం కాకుండా, ఈ గేర్లో ఇంత టార్క్ ఇస్తే లేస్తుందని ముందే లెక్కేసి ఆ అంచు దగ్గర ఆపుతాయి.

ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే వీలీ కంట్రోల్ ఉన్నట్టే కదా?

ఐఎంయూ లేని బైకుల్లో ఈ గందరగోళం నిజంగానే ఉంది. వెనక చక్రం ముందుదానికంటే వేగంగా తిరుగుతోందంటే రెండు అర్థాలుంటాయి: వెనక టైరు జారుతూ ఉండవచ్చు, ముందు టైరు గాల్లో ఉండవచ్చు. చక్రాల వేగం మాత్రమే చూసే సిస్టమ్‌కి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అది జారుడు అనుకుని టార్క్‌ను గట్టిగా కోస్తుంది. ఫలితంగా బాగా పైకి లేచిన ముందు చక్రం ధబీమని కింద పడుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ పక్కదారిలో చేసే పని ఇది. రక్షణ ఉంది గానీ మొరటు రక్షణ.

పిచ్ రేట్ చూసే సిస్టమ్ ఈ రెండింటినీ విడదీస్తుంది. వెనక టైరు జారితే ముక్కు పైకి తిరగదు, వీలీలో తిరుగుతుంది. అందుకే వీలీ కంట్రోల్‌కి విడిగా లెవెళ్లు (ఎంత జోక్యం చేసుకోవాలో చెప్పే మెట్లు) ఇవ్వగలుగుతున్నారు. ట్రాక్షన్ కంట్రోల్ ఎక్కువగా, వీలీ కంట్రోల్ తక్కువగా పెట్టుకోవాలంటే ఈ విభజన తప్పనిసరి.

టార్క్ తగ్గించడం అంటే లోపల ఏం జరుగుతుంది?

మూడు పద్ధతులున్నాయి, వేగంలో వాటికి చాలా తేడా ఉంది.

థ్రాటిల్ బాడీలోని రెక్కను మోటరుతో మూయడం మొదటిది. మీరు గ్రిప్ పూర్తిగా తిప్పి ఉంచినా ఈసీయూ రెక్కను సగానికి మూయగలదు. ఇది చాలా మృదువుగా ఉంటుంది. కానీ రెక్క కదలాలి, ఇన్‌టేక్‌లో ఉన్న గాలి అయిపోవాలి కాబట్టి మూడింటిలో నెమ్మదైన దారి.

ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరపడం రెండోది. స్పార్క్ ఆలస్యమైతే అదే మిశ్రమం తక్కువ టార్క్ ఇస్తుంది. ఇది తర్వాతి స్పార్క్ నుంచే అమలవుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 12,000 ఆర్‌పీఎం దగ్గర ప్రతి 2.5 మిల్లీసెకన్లకు ఒకసారి మండుతుంది కాబట్టి దీని చురుకుదనం మనిషి చేతికి అందేది కాదు.

స్పార్క్ లేదా ఇంధనాన్ని ఒకటి రెండు సిలిండర్లకు పూర్తిగా ఆపేయడం మూడోది. ట్రాక్ మీద పెద్ద బైకులు మూల నుంచి బయటికొస్తూ టపటపమని నత్తినత్తిగా మోగుతాయే, చాలాసార్లు ఆ శబ్దం ఇదే. కొత్త సిస్టములు ముందు ఇగ్నిషన్‌తో పట్టుకుని, ఆలోపు రెక్కను సర్ది, కోతను చివరికి దాచుకుంటాయి. అందుకే ఇప్పటి బైకుల్లో అది పనిచేస్తున్నట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఏ కంపెనీ దాన్ని ఏమని పిలుస్తుంది?

అప్రిలియా 2011లో ఆర్‌ఎస్‌వీ4 మీద తెచ్చిన ఏపీఆర్‌సీ ప్యాకేజీలో ట్రాక్షన్ కంట్రోల్ నుంచి విడిగా మూడు లెవెళ్ల వీలీ కంట్రోల్ ఉంది. అంతకు ముందు ఏడాదే ఆ బైక్ మీద మాక్స్ బియాజీ వరల్డ్ సూపర్‌బైక్ టైటిల్ గెలిచాడు. రేసు ట్రాక్ మీద నేర్చిన విద్య రోడ్డు బైక్‌లోకి ఇంత త్వరగా దిగడం ఆ రోజుల్లో పెద్ద విషయం. యమహా వీలీ కంట్రోల్‌ని లిఫ్ట్ కంట్రోల్ అంటుంది, డ్యాష్ మీద ఎల్‌ఐఎఫ్ అని కనిపిస్తుంది. డుకాటీది డీడబ్ల్యూసీ (డుకాటీ వీలీ కంట్రోల్), ఆ కంపెనీ స్పోర్ట్ బైక్ పానిగాలేలో ఎనిమిది లెవెళ్లు. సుజుకీ 2021 హయబుసాలో యాంటీ లిఫ్ట్ కంట్రోల్ పేరుతో పది లెవెళ్లు, పైన ఆఫ్ ఇచ్చింది. పేర్లు వేరైనా లోపలి తర్కం ఒక్కటే. లెవెళ్లు ఎక్కువ ఉన్నంత మాత్రాన మెరుగని కూడా అనుకోవద్దు. ఒక్కో మెట్టుకూ తేడా ఎంత నున్నగా ఉందన్నది ముఖ్యం.

లెవెల్ 1 అంటే ఎక్కువా, తక్కువా?

ఇక్కడ చాలామంది బోల్తా పడుతున్నారు. వీలీ కంట్రోల్‌లో అంకె పెరిగితే జోక్యం పెరగడం ఎక్కువ బైకుల్లో ఉన్న పద్ధతి. కానీ అదే డ్యాష్ మీద పక్కన ఉన్న అంకెలు ఎదురుదిశలో ఉండవచ్చు. హోండా సీబీఆర్1000ఆర్‌ఆర్-ఆర్ చూడండి. పవర్ 1 అంటే పూర్తి శక్తి. ఇంజిన్ బ్రేకింగ్ 1 అంటే అన్నిటికన్నా గట్టిది. వీలీ కంట్రోల్ 1 అంటే మాత్రం అన్నిటికన్నా తక్కువ జోక్యం. "అన్నీ 1లో పెడితే సేఫ్" అనుకుని బయల్దేరిన రైడర్ చేతిలో ఉన్నది పూర్తి శక్తి, నామమాత్రపు రక్షణ. బైక్ మార్చిన ప్రతిసారీ, స్నేహితుడి బైక్ తీసుకున్న ప్రతిసారీ మాన్యువల్‌లో ఆ పేజీ చదివాకే కదలండి.

రోడ్డు మీద మా సలహా సూటిగా ఉంది: గరిష్ఠ లెవెల్‌కి ఒకటి తక్కువలో పెట్టి మరిచిపోండి, వానలో రెయిన్ మోడ్ వాడండి. రోడ్డు మీద వీలీ కంట్రోల్ తగ్గించుకోవడం వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు.

ట్రాక్ డేలో లెవెల్ ఎలా సెట్ చేసుకోవాలి?

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల మద్రాస్ సర్క్యూట్‌కి హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లేవాళ్లు చాలామంది మొదటి సెషన్‌లోనే లెవెల్ తగ్గించేస్తుంటారు. ఆ వరస తప్పు. ఎలక్ట్రానిక్స్‌కి ముందు సరిచూసుకోవలసినవి ఉన్నాయి.

1. టైరు ప్రెషర్. రోడ్డు మీద చాలా లీటర్ బైకులకు ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ చల్లగా ఉన్నప్పుడు. ట్రాక్‌కి టైరు కంపెనీ చెప్పిన వేడి ప్రెషర్ పెట్టండి, సెషన్ నుంచి రాగానే మళ్లీ కొలవండి.

2. వెనక సస్పెన్షన్ శాగ్. రైడర్ హెల్మెట్, సూటు అన్నీ వేసుకుని కూర్చున్నప్పుడు సస్పెన్షన్ కదలగల మొత్తం దూరంలో దాదాపు మూడో వంతు లోపు, 30 నుంచి 35 మిల్లీమీటర్లు కూరుకుంటే చాలు. వెనక మరీ మెత్తగా ఉంటే గ్యాస్ ఇవ్వగానే తోక కూర్చుని, ముక్కు లేచి, వీలీ కంట్రోల్ అనవసరంగా పనిచేస్తుంది. దాన్ని లెవెల్ సమస్య అనుకుని తగ్గిస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

3. కూర్చునే తీరు. మూల నుంచి బయటికొచ్చేటప్పుడు ఛాతీ ట్యాంకు మీదికి, తల విండ్‌స్క్రీన్ వెనక్కి వంచాలి. పిర్రలు సీటు వెనక్కి జారిపోయి, చేతులతో హ్యాండిల్ పట్టుకుని వేలాడితే మీరే వీలీని పిలిచినట్టు.

4. ఇప్పుడు లెవెల్. మధ్య లెవెల్‌తో మొదలుపెట్టి ఐదారు ల్యాపులు ఒకే తీరున తిరగండి. రెండో గేర్లో నిటారుగా అయ్యాక బైక్ కాళ్లకు అడ్డం పడ్డట్టు నీరసిస్తే ఒక్క మెట్టు తగ్గించండి. ట్రాక్షన్ కంట్రోల్, పవర్ మోడ్ ఆ సెషన్‌లో ముట్టుకోవద్దు. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

5. ముందు చక్రం నేలకు అరచేయి ఎత్తులో తేలుతూ, శబ్దంలో పెద్ద తెంపు లేకుండా గేరు మారేదాకా లాక్కెళితే అదే మీ లెవెల్. అక్కడ ఆగండి. సాయంత్రం ఒళ్లు అలిసినప్పుడు ఒక మెట్టు పెంచుకోవడంలో తప్పేమీ లేదు.

ఆఫ్ చేస్తే బైక్ ఇంకా వేగంగా పోతుందా?

పోదు, నూటికి తొంభై సందర్భాల్లో. బైక్ గరిష్ఠంగా ముందుకు ఉరికేది ముందు చక్రం మీద బరువు సరిగ్గా సున్నా అయిన చోట. దాని మీద ఇచ్చిన టార్క్ అంతా బైక్‌ని ముందుకు తోయడం మాని పైకి తిప్పుతుంది. ఆ తర్వాత రైడర్ గ్యాస్ మూస్తాడు, ముక్కు పడుతుంది, మళ్లీ తెరుస్తాడు. ఈ మూసి తెరిచే లోపు పోయిన సమయం ఏ కంట్రోలూ పోగొట్టదు. మోటోజీపీ రైడర్లు కూడా దీన్ని ఆఫ్ చేసుకుని పరిగెత్తరు. వాళ్ల పోరాటమంతా ఆ అంచుకు ఎంత దగ్గరగా నిలబడగలమన్నదాని గురించే.

మరి మోటోజీపీ రేసు బైకుల ముందు భాగంలో పక్కలకు ఆ రెక్కలు ఎందుకు?

ఇదే సమస్యకు మరో దారి గనక. ఎలక్ట్రానిక్స్ టార్క్ తగ్గించి ముక్కును దించుతుంది, రెక్కలు గాలితో ముక్కును నొక్కి టార్క్ తగ్గించాల్సిన అవసరాన్నే తగ్గిస్తాయి. 2016లో మోటోజీపీలో అందరికీ ఒకే మాగ్నెటి మారెల్లి ఈసీయూ, ఒకే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కావడంతో సొంత సాఫ్ట్‌వేర్‌తో సాధించే లాభం పోయింది. రెక్కల మీద పోటీ అక్కడి నుంచి ముదిరింది. డుకాటీ పానిగాలే వీ4 ఆర్ రెక్కలు గంటకు 270 కిలోమీటర్ల దగ్గర 30 కిలోల వరకు నొక్కుతాయి. కానీ గాలి బలం వేగం వర్గంతో మారుతుంది. 90 కిలోమీటర్ల దగ్గర అది మూడు కిలోల చిల్లరే. మొదటి గేర్లో సిగ్నల్ నుంచి కదిలేటప్పుడు రెక్కల వల్ల ప్రయోజనం లేదన్నమాట. అక్కడ ఎలక్ట్రానిక్సే దిక్కు. బయట కొని అతికించే ప్లాస్టిక్ రెక్కలకు ఆ మూడు కిలోలు కూడా ఆశించవద్దు.

ఆన్‌లో ఉన్నా ముందు చక్రం లేచింది. చెడిపోయిందా?

చెడిపోయి ఉండకపోవచ్చు. తక్కువ లెవెళ్లలో కొంత ఎత్తు లేవనివ్వడమే దాని పని. ఎక్కువ లెవెల్‌లోనూ లేచిందంటే ముందు ఈ సందర్భాలు గుర్తుచేసుకోండి.

క్లచ్‌ని ఒక్కసారిగా వదిలారా? తిరుగుతున్న క్రాంక్, ఫ్లైవీల్‌లో నిలవ ఉన్న శక్తి ఒక్క కుదుపుతో చక్రానికి చేరుతుంది. ఆ క్షణంలో ఈసీయూ ఇంజిన్ని మొత్తం ఆపినా ఆ శక్తి అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఎత్తు దిగే చోట గ్యాస్ తెరిచారా? ఫ్లైఓవర్ పైకి ఎక్కి, అవతల దిగుడు మొదలయ్యే వంపు దగ్గర బైక్ తేలికవుతుంది, ముందు చక్రం మీద బరువు అసలే తక్కువ. చదును మీద లేవని గేర్లో అక్కడ లేస్తుంది. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లకు కొదవ లేదు. ఆ వంపు దాటేదాకా చెయ్యి స్థిరంగా ఉంచాలి.

వెనక మనిషి కూర్చున్నారా? బరువు కేంద్రం వెనక్కి, పైకి జరిగింది. పైన వేసిన లెక్కలో 700 తగ్గి 650 పెరిగిందనుకోండి, అంచు ఎంత ముందుకొచ్చిందో తెలుస్తుంది.

ఇవేవీ కాకుండా చదును రోడ్డు మీద, మామూలు గ్యాస్‌తో, ఎక్కువ లెవెల్‌లో నిటారుగా లేస్తే మాత్రం సిస్టమ్ మీద అనుమానపడాలి.

చక్రం కింద పడ్డాక హ్యాండిల్ కొట్టుకుంటోంది. ఇది కంట్రోల్ తప్పా?

గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్ కొద్దిగా పక్కకు తిరిగి ఉంటే, నేల తగలగానే టైరు ఒక్కసారిగా సరళరేఖలోకి రావడానికి లాగుతుంది. అటు ఇటు కొట్టుకోవడం అక్కడ మొదలవుతుంది. వీలీ కంట్రోల్‌కి హ్యాండిల్‌తో సంబంధం లేదు. స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ కొట్టుకోకుండా అణచే పరికరం) ఉండేది ఇందుకే. చేతులు బిగబట్టకండి, మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి, గ్యాస్ ఒక్కసారిగా మూయకుండా మెల్లగా తగ్గించండి. పదేపదే వస్తుంటే డ్యాంపర్‌లో ఆయిల్ కారిందేమో, స్టీరింగ్ హెడ్ బేరింగుల్లో ఆట ఉందేమో చూపించండి.

టైరు సైజు, స్ప్రాకెట్ మారిస్తే ఏమవుతుంది?

చక్రం ఎన్నిసార్లు తిరిగిందో సెన్సర్ లెక్కపెడుతుంది. ఆ లెక్కను వేగంగా మార్చడానికి ఈసీయూలో టైరు చుట్టుకొలత రాసి ఉంటుంది. 190/50 టైరు వ్యాసం లెక్క ప్రకారం 622 మిల్లీమీటర్లు, 190/55 టైరుది 641. తేడా మూడు శాతం. 190/50 కోసం సెట్ చేసిన బైక్‌కి 190/55 వేస్తే వెనక చక్రం మూడు శాతం నెమ్మదిగా తిరుగుతున్నట్టు కనిపించి, ట్రాక్షన్ కంట్రోల్ ఆలస్యంగా మేలుకుంటుంది. 190/55 ఉన్నదానికి 180/55 వేస్తే జారకపోయినా జారినట్టు కనిపించి, అనవసరంగా కోత పడుతుంది. పిచ్ రేట్ చూసే వీలీ కంట్రోల్ మీద దీని ప్రభావం తక్కువే. కానీ చక్రాల వేగాన్ని కూడా కలిపి చూసే సిస్టమ్ తికమకపడుతుంది. పానిగాలే వీ4 లాంటి బైకుల మెనూలో టైరు కాలిబ్రేషన్ ఉంటుంది. టైరు మార్చిన వెంటనే చదునుగా, నిటారుగా, స్థిరమైన వేగంతో పోయి అది పూర్తిచేయండి. లేనివాటికి కంపెనీ సైజు దాటకపోవడమే మంచిది.

స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) కథ వేరు. ముందు 17 పళ్లు, వెనక 45 ఉన్నచోట ముందుది 16 చేస్తే చక్రం దగ్గర టార్క్ 6.25 శాతం పెరుగుతుంది. ఈ గేర్లో ఇంత టార్క్ ఇస్తే లేవదని ఈసీయూ వేసుకున్న పాత లెక్క ఇప్పుడు తప్పు. సిస్టమ్ పనిచేస్తుంది, కానీ ముందుగా ఆపాల్సింది పోయి లేచాక ఆపుతుంది. లెవెల్ ఒకటి పెంచుకోండి.

డ్యాష్ మీద హెచ్చరిక దీపం వెలిగింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని నేల నుంచి ఎత్తి ఉంచే స్టాండ్) మీద గేరు వేసి వెనక చక్రం తిప్పారా? చైన్ శుభ్రం చేసేటప్పుడు చాలామంది చేసే పని ఇది. ముందు చక్రం ఆగి ఉంది, వెనకది తిరుగుతోంది, ఇది అసాధ్యమని ఈసీయూ తప్పు నమోదు చేస్తుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, అర నిమిషం ఆగి, మళ్లీ ఆన్ చేసి కొద్ది దూరం నడిపితే మామూలుగా దీపం ఆరిపోతుంది. (చైన్ శుభ్రానికి ఇంజిన్ ఆన్ చేయవద్దు. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, చక్రం చేత్తో తిప్పండి.)

ఆరకపోతే ఇటీవల చక్రం ఊడదీశారేమో గుర్తుచేసుకోండి. పంక్చర్ షాపులో చక్రం తీసి పెట్టేటప్పుడు స్పేసర్లు అటువి ఇటు పడటం, సెన్సర్ రింగు వంగడం, సెన్సర్ వైరు కాలిపర్ కింద నలగడం మామూలే. రింగు చుట్టూ చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. సెన్సర్‌కి రింగుకి మధ్య సందు అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట దగ్గరై, ఒకచోట దూరమైతే రింగు వంగింది. సెన్సర్ మొన మీద పేరుకున్న ఇనుప పొడిని గుడ్డతో తుడవండి.

తర్వాత బ్యాటరీ. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మామూలు బ్యాటరీ 12.6 వోల్టులకు తగ్గకూడదు, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి బాగా పడిపోతే ఐఎంయూ, ఏబీఎస్ పెట్టెలు స్టార్ట్ కాగానే తప్పు చూపిస్తాయి. బ్యాటరీ మార్చితే పోయేదానికి సెన్సర్లు మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

బైక్ పడిపోయి ఉంటే ఐఎంయూ బిగింపు చూడాలి. ఆ పెట్టె కోణం కొద్దిగా మారినా నిటారుగా ఉన్న బైక్ ఒరిగినట్టు చదువుతుంది. దాన్ని డబుల్ టేపుతో అతికించడం, దిశ మార్చి పెట్టడం, కింద రబ్బరు తీసేయడం చేయకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా దీపం వెలుగుతుంటే కోడ్ చదివే యంత్రం ఉన్న సర్వీస్ సెంటరుకే వెళ్లాలి.

స్టంట్లు చేసేవాళ్లు ఏబీఎస్ ఫ్యూజు తీసేస్తారు. తీయవచ్చా?

ఫ్యూజు తీస్తే చక్రాల వేగం సమాచారం ఆగిపోతుంది. ఏబీఎస్‌తో పాటు ట్రాక్షన్ కంట్రోల్, వీలీ కంట్రోల్, వెనక చక్రం లేవకుండా చూసే కంట్రోల్ అన్నీ పోతాయి. తర్వాత అకస్మాత్తుగా బ్రేకు నొక్కాల్సి వచ్చినప్పుడు ముందు చక్రం లాక్ అవుతుంది. వద్దు.

పబ్లిక్ రోడ్డు మీద వీలీ గురించి చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకరంగా నడిపితే మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడికి బండి ఇస్తే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఇంకొకటి, మామూలు బైక్ ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లకు వర్తించదన్న షరతు ఉంటుంది. ట్రాక్ డేకి వెళ్లేముందు ఆ పేజీ చదవండి.

పాత బైక్‌కి బయట కొని అమర్చుకోవచ్చా?

బయట దొరికే చాలా పెట్టెలు ఆర్‌పీఎం ఎంత వేగంగా పెరుగుతోందో చూసి స్పార్క్ కోస్తాయి. అవి వెనక చక్రం జారడాన్ని కొంతవరకు పట్టుకుంటాయి. వీలీలో వెనక టైరు గట్టిగా పట్టుకునే ఉంటుంది కాబట్టి ఆర్‌పీఎం అసహజంగా ఎగబాకదు, పెట్టెకు ఏమీ తెలియదు. ఐఎంయూతో వచ్చే రేసింగ్ ఈసీయూలు ఉన్నాయి. వాటికి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బైక్, డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద మ్యాపింగ్, తెలిసిన ట్యూనర్ కావాలి. కేబుల్ థ్రాటిల్ బైక్‌కి ఆ డబ్బు పెట్టేకంటే మంచి టైర్లు, సస్పెన్షన్ సర్వీస్, ఒక రైడింగ్ స్కూల్ ఫీజు ఎక్కువ ఉపయోగం.

సెకండ్ హ్యాండ్ బైక్ కొంటున్నా. ఏం చూడాలి?

ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఏబీఎస్, ట్రాక్షన్ దీపాలు వెలగాలి, నడక వేగం దాటాక ఆరాలి. ఆన్ చేసినప్పుడు అసలు వెలగకపోతే ఎవరో దీపాన్నే కప్పేశారని అనుమానించండి. మెనూలో వీలీ కంట్రోల్ లెవెల్ మార్చి చూడండి. బూడిద రంగులో కనిపిస్తూ మారకపోతే ఎక్కడో తప్పు నమోదై ఉంది. రెండు చక్రాల దగ్గరా సెన్సర్ వైర్లకు టేపు చుట్టిన అతుకులు ఉన్నాయేమో చూడండి. సీటు తీయించి ఐఎంయూ స్క్రూల మీద పాత గీతలు, ఫ్యూజు పెట్టెలో ఖాళీ గూళ్లు వెతకండి. వెనక టైరు పక్కన రాసిన సైజును, చైన్‌గార్డు స్టిక్కరు మీదో మాన్యువల్‌లోనో ఉన్న సైజుతో పోల్చండి. స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టండి. ముందుది ఒక పన్ను తక్కువుంటే ఆ బైక్‌ని ఎలా వాడారో అమ్మేవాళ్లను అడగండి. స్టీరింగ్ హెడ్‌ని స్టాండ్ మీద అటు ఇటు తిప్పి, మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే బేరింగ్ దెబ్బతింది. ముందు చక్రం చాలాసార్లు ఎత్తు నుంచి కింద పడ్డ బైకుల్లో తరచుగా కనిపించే గుర్తు అది. ధరలో బేరింగ్ సెట్, కూలీ తగ్గించి మాట్లాడండి.